శ్రీమతుల వాఙ్మూలము

ఆంగ్ల కవయిత్రి కేరల్ ఆన్ డఫీ 1999లో ప్రకటించిన ‘ది వరల్డ్స్ వైఫ్’ 30 ఖండికల సంపుటి. పురాణములలోను, చరిత్రలోను, పిల్లల కథలలోను, చలనచిత్రములలోను ఘనత పొందిన పురుషుల చాటున నోరు మెదపక నిలిచిన స్త్రీలు ఇందులో తమ మాట తాము చెప్పుకొందురు. గ్రీకు పురాణములలోని ఫ్రిజియా రాజు మైడస్ భార్యయు, గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ సోదరియు ఒకే పంక్తిని కూర్చుందురు. పురాణమునకున్న పీటనే కవయిత్రి సినిమాకును వేసినది.

పురుషుని స్థానమున స్త్రీని నిలుపుట సులభమే. అంతటితో ఆగినచో అది వికటకవిత్వ మగును. ‘శ్రీమతి డార్విన్’ ఖండిక చాటువు వలె ఒక్క చమత్కారముతో ముగిసిపోవును. కాని ‘క్వీన్ కాంగ్’ అట్టిది కాదు. 1933 నాటి ‘కింగ్ కాంగ్’ చిత్రములో మహావానరము మగది. ఇచట ఆడది, ఆమె వలచినవాడు అరచేత ఇమిడెడి మానవుడు. పాఠకుడు మొదట నవ్వును. ప్రియుడు మరణించిన పిదప ఆమె అతని దేహమును చెడకుండ చేయించి మెడలో ధరించినప్పుడు ఆ నవ్వు నిలిచిపోవును. చేతులు మారినంతమాత్రమున స్వాధీనము ప్రేమ కాజాలదని ఈ ఖండిక చూపుచున్నది. స్త్రీవాద కవిత్వము స్త్రీని నిర్దోషిగా చిత్రింపనక్కరలేదనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

2015లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన ఓల్గా ‘విముక్త’ కథలలో సీత శూర్పణఖతోను, అహల్యతోను సంభాషించును. స్త్రీకి స్త్రీయే దారి చూపును. డఫీ స్త్రీలు ఒంటరిగా పాఠకునితోనే మాటలాడుదురు. వారి వాక్కునందలి పదునును, వారి ఒంటరితనమును ఈ ఏకాంత భాషణమునుండియే పుట్టినవి.

ఈ సంపుటిని తెనిగించువారికి చిక్కు ‘మిసెస్’ను ‘శ్రీమతి’ చేయుటలో లేదు. హాస్యమంతయు పాఠకునికి ముందే తెలిసిన కథపై ఆధారపడినది. అధోజ్ఞాపికతో వివరించిన హాస్యము హాస్యము కాదు. పేర్లు మార్చి తెలుగు కథలు చొప్పించినచో అది అనువాదము కాదు. కనుక కథను తనలోనే చెప్పుకొను ఖండికలతో ఆరంభించుట మేలు. ‘శ్రీమతి మైడస్’ అట్టిది. తోటలో పండు కోసిన భర్త చేతిలో అది బంగారమగుట వంటింటి కిటికీనుండి చూచిన ఇల్లాలు, తుదకు అతని చేతుల స్పర్శకే అలమటించును. ఆ వేదనకు తెలుగులో వ్యాఖ్యానము అక్కరలేదు.