ఊరివార్త: ‘సన్’, ‘వివేకవర్ధని’ పత్రికల తారతమ్య పరిశీలనము

1833 సెప్టెంబరు 3వ తేదీన బెంజమిన్ డే యను ముద్రాపకుడు న్యూయార్కు నగరమున ‘సన్’ అను దినపత్రికను ఒక సెంటు వెలకు వెలువరించెను. నాటి పెద్ద పత్రికల వెల ఆరు సెంట్లు. ఓడల రాకపోకలు, సరకుల ధరలు, రాజకీయవాదములు వానిలో నిండియుండెడివి. డే తన పత్రికను పిల్లలచేత వీథులలో అమ్మించి, వర్తకునకే గాక కూలివానికిని అందునట్లు చేసెను. జార్జి విస్నరు అను విలేఖరి పోలీసు న్యాయస్థానమునకు పోయి త్రాగుబోతుల గొడవలు, ఆలుమగల తగవులు, చిల్లర దొంగతనములు వ్రాసి తెచ్చెడివాడు.

సామాన్యుని బ్రతుకు పత్రికకెక్కిన శుభముహూర్తముగా దీనిని పొగడుట పరిపాటి. ఆ పొగడ్త సగమే చెల్లును. పేదవాడు పత్రికలో ప్రవేశించిన మాట నిజమే. కాని తరచుగా నవ్వులపాలగుటకే ప్రవేశించెను. 1835 ఆగస్టులో అదే పత్రిక చంద్రమండలమున రెక్కల మనుష్యులున్నారని వరుసగా కట్టుకథలు ప్రకటించినది. వినోదమే కొలబద్ద యైనచోట సత్యమునకు పీట దొరకుట కష్టము.

తెలుగున 1842 నాటికే చెన్నపురి నుండి సయ్యద్ రహమతుల్లా ‘వర్తమానతరంగిణి’ని నడపెను. అయినను ఊరివార్తకు పదును పెట్టినది 1874లో కందుకూరి వీరేశలింగము ఆరంభించిన ‘వివేకవర్ధని’. విస్నరు చూపు బోనులో నిలిచినవానిపై నుండెను. వీరేశలింగము చూపు పీఠముపై కూర్చుండినవానిపై పడెను. లంచములు గుంజు ఉద్యోగులను, అక్రమములకు తోడ్పడు వకీళ్లను ఆయన వెలికి దీసెను. 1830లో న్యూయార్కు జనసంఖ్య రెండు లక్షలకు మించియుండెను. అట్టి మహానగరమున వ్రాసినవాడు గుంపులో కలిసిపోవచ్చును. గోదావరి యొడ్డు పట్టణమున ఉదయము పత్రికలో దెబ్బ తిన్నవాడు సాయంకాలము వీథిలో ఎదురుపడును. ఆ సాహసము విలువ ఈ తేడా గమనించిననే తెలియును.

ఆ పత్రికకు ఒక లోపమును గలదు. సంస్కరణము ప్రధానలక్ష్యమగుటచే తప్పుచేసినవాడు, తప్పు దిద్దువాడు మిక్కిలి ప్రస్ఫుటముగా కనబడుదురు. ఏ తప్పును చేయక, ఎవరిని దిద్దక, బజారునకు పోయి ఇంటికి వచ్చిన మనుష్యుడు మరుగుపడును. ఈ విషయమున మాత్రము విస్నరు అల్పవార్తలే నయమనిపించును. ఆలుమగల తగవులో ఆనాటి అద్దెయు, కూలియు, వంటిల్లును తొంగిచూచును.

ఈ లోపము తీర్థమలై వంటి చోట తెలుగు చదువు పిల్లలకు మరింత తగులును. ధర్మపురి మండలములోని తెలుగు ఇండ్లలో మాట తెలుగు. ఊరివార్త చదువునది తమిళమున. 2006 నాటి తమిళాభ్యాస చట్టము పిమ్మట బడిలో తెలుగునకు చోటు ఇంకను ఇరుకైనది. వీరేశలింగము వారికి పాఠములోని మహాపురుషుడే గాని, పక్కవీథి కచ్చేరీ సంగతి వ్రాసిన ఇరుగుపొరుగువాడు కాడు. గ్రంథములలోని తెలుగు దూరపు ఊళ్లది. మాసి యుత్సవమునాడు కొండ యెక్కి రామతీర్థపు ధార క్రింద తడిసి వచ్చిన బాలుడు ఆ సంగతి అవ్వతో తెలుగుననే చెప్పును; అదే సంగతిని కాగితముపై పెట్టవలసివచ్చినపుడు తమిళాక్షరములు వెదకును. వ్యాసరచనకు ‘ఐకమత్యము’, ‘కాలము విలువ’ అను విషయములిచ్చుట మాని, నిన్న సంతలో టమాట ధర యెంత, బస్సు ఎందుకు ఆలస్యమాయెను అని అడిగిన ఉపాధ్యాయుడు వీరేశలింగమునకు ఎక్కువ దగ్గరివాడు.