సేవలో ఎదిగేదెవరు? – ‘ఒక హిజ్రా ఆత్మకథ’పై విమర్శ

ఎ. రేవతి ఆత్మకథ 2010లో ఆంగ్లంలో వెలువడినది. దానిని తెలుగు చేసిన పి. సత్యవతికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. దీనిని కేవలం బాధల కథగా చదువుట చాలదని మా అభిప్రాయము. ఇది ఎదుగుదల కథ కూడా.

ఇంటివారి దెబ్బలకు, పోలీసుల హింసకు గురియైన రేవతి, బెంగుళూరులో లైంగిక అల్పసంఖ్యాకుల హక్కులకై పనిచేసే ‘సంగమ’ సంస్థలో చిన్న ఉద్యోగిగా చేరి, అనంతరం డైరెక్టరయ్యారు. తనవంటివారి పక్షాన మాట్లాడుటలోనే ఆమెకు తన గొంతు దొరికింది. అయినను ఆ పని ఆమె ఒంటరితనాన్ని తీర్చలేదు. ఆ సంగతి దాచకపోవుటే ఈ గ్రంథము యొక్క బలము.

జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి వంటి వారసత్వము గల కడప జిల్లా సంఘాలకు సేవ క్రొత్త కాదు. అయితే అందులో మనము ఇచ్చువారము, ఎదుటివారు పుచ్చుకొనువారు. ప్రొద్దుటూరు అంగళ్ల ముందో, పులివెందుల బస్టాండులోనో హిజ్రా ఎదురైతే నాణెమిచ్చి తప్పుకొనుట ఆ అలవాటులోనిదే. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఫిలిప్పు నపుంసకుని రథమెక్కి, అతని ప్రక్కన కూర్చుండి, అతడు చదువుచున్న లేఖనము నుండే బోధ ఆరంభించాడు. హక్కుల పనికి స్వచ్ఛందంగా ముందుకు వచ్చే మన యువజనులు మొదట నేర్వవలసినది ఆ ప్రక్కన కూర్చుండుటే. అది లేని సేవలో మనము ఎదగము.