మూలపదం – తెలుగు మాట: బైబిలు అనువాదంలో కొన్ని నిర్ణయాలు

హుగ్లీ తీరాన ఓడరేవును ఆనుకొని ఉన్న ఖిదిర్‌పూర్‌కు వంగ సాహిత్య చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. మైకేల్ మధుసూదన దత్తు (1824–1873) విద్యార్థి దశ గడిచింది ఇక్కడి తండ్రిగారి ఇంటిలోనే. 1843లో క్రైస్తవం స్వీకరించిన పిదప ఆయన బిషప్స్ కళాశాలలో గ్రీకు, లాటిన్ భాషలు అభ్యసించి, 1848 ఆరంభంలో మద్రాసు చేరాడు. మరుసటి సంవత్సరం మిత్రుడు గౌరదాస్ బసాక్‌కు రాసిన లేఖలో తన దినచర్యను వివరించాడు. ఉదయం 6 నుంచి 8 వరకు హీబ్రూ. మధ్యాహ్నం 12 నుంచి 2 వరకు గ్రీకు. 2 నుంచి 5 వరకు తెలుగు, సంస్కృతం.

బైబిలు తెలుగు అనువాదంతో మధుసూదనునికి సంబంధం లేదు. కాని ఆ అనువాదాన్ని విమర్శించదలచిన వారికి కావలసిన సామగ్రి అంతా ఆ దినచర్యలోనే ఉంది. హీబ్రూ, గ్రీకు, సంస్కృతం, తెలుగు అనే నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అనువాదకుల నిర్ణయాల విలువ తెలియదు.

తెలుగు బైబిలు ముద్రణ చరిత్రలోనూ హుగ్లీ తీరానికి భాగముంది. విశాఖపట్నంలో అగస్టస్ డె గ్రాంజెస్, ఆనందరాయరు సిద్ధం చేసిన మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అదే సంవత్సరం మార్చిలో అక్కడి ముద్రణాలయం అగ్నికి ఆహుతి అయింది. అయినా 1818లో తెలుగు కొత్త నిబంధన అక్కడి నుంచే వెలువడింది. నేడు విస్తృతంగా చదివే పాఠం ఆ తరువాతి అనేక సవరణల ఫలితం.

ఈ పాఠంలోని విశిష్ట పదాలలో 'మారుమనస్సు' ఒకటి. గ్రీకు 'మెతనోయా'లో మార్పును సూచించే ఉపసర్గ, మనస్సును సూచించే ధాతువు కలిసి ఉన్నాయి. లాటిన్ అనువాదం దీనికి వాడిన మాట క్రమంగా ప్రాయశ్చిత్త కర్మగా అర్థమవుతూ వచ్చింది. ఆ లోపాన్ని 16వ శతాబ్దంలో ఎరాస్మస్ ఎత్తిచూపాడు. తెలుగు అనువాదకులు 'పశ్చాత్తాపం'తో సరిపెట్టుకోక గ్రీకు పదాన్ని అవయవశః తెలిగించారు. బెంగాలీ బైబిలు 'మనసు మరల్చుకోవడం' అన్న పలుకుబడిని గ్రహించింది. హీబ్రూలో ఇదే భావాన్ని చెప్పే 'షూవ్' ధాతువుకు అర్థం 'తిరుగు' అని. అంటే తెలుగు గ్రీకుకు, బెంగాలీ హీబ్రూకు చేరువైనాయి. రెండూ సార్థకమే.

'సమాధానము' విషయం మరింత జటిలం. హీబ్రూ 'షాలోమ్' కేవలం కలహం లేకపోవడం కాదు. లోటు లేని నిండుతనం. సంస్కృతంలో 'సమాధానం' అంటే చక్కగా కూర్చడం, విడివడినవాటిని కలపడం. 'శాంతి' అంటే ఉపశమనం. ఈ దృష్టితో చూస్తే 'షాలోమ్'కు 'సమాధానము' దగ్గరి మాట. అయితే నేటి పాఠకుడికి సమాధానమంటే ప్రశ్నపత్రానికి రాసే జవాబు. అందువల్లనే ఆధునిక అనువాదాలు 'శాంతి' వైపు మొగ్గుతున్నాయి.

వ్యుత్పత్తి చూపి పాత మాటను సమర్థించడం సులభం. కాని పదానికి అర్థం దాని ధాతువులో కాక వాక్యంలో ఉంటుందని జేమ్స్ బార్ 1961లో ప్రకటించిన గ్రంథంలో గట్టిగా వాదించాడు. తెలుగు అనువాదకులకు ఈ వివేకం ముందే ఉన్నదనడానికి యోహాను సువార్త సాక్ష్యం. గ్రీకులో 'ఐరేనే' అన్న ఒకే పదానికి 14వ అధ్యాయంలో 'శాంతి' అని, 20వ అధ్యాయంలో 'సమాధానము' అని వాడారు. మొదటిది కలత చెందిన హృదయాలకు ఊరట. రెండవది చెదిరిన శిష్యులు ఒకచోట చేరినప్పుడు వినిపించిన పలకరింపు. రెండు సందర్భాలకు రెండు మాటలు అమరాయి. అన్నిచోట్లా 'శాంతి' అని సవరిస్తే చదువరికి సౌకర్యం కలుగుతుంది, ఈ భేదం మాత్రం పోతుంది.

అనువాదం తడబడిన చోట్లూ ఉన్నాయి. హీబ్రూ 'హెసెద్' ప్రధానంగా ఒడంబడికకు కట్టుబడి చూపే ఆదరణ. దావీదు, యోనాతానుల స్నేహంలో ఉన్నది అదే. 136వ కీర్తనలో దీన్ని 'కృప' అన్నారు. హోషేయ గ్రంథంలో 'కనికరము' అన్నారు. రెండూ పైవాడు కిందివానిపై చూపే గుణాలు. ఇచ్చిన మాటకు నిలబడే విశ్వసనీయత వాటిలో ధ్వనించదు. పైగా పౌలు లేఖల్లోని గ్రీకు 'ఖారిస్'కూ 'కృప' అనే వాడారు. 'ఖారిస్' అర్హత ఎంచని అనుగ్రహం. బంధం వల్ల పుట్టే నిష్ఠ, అర్హత లేకున్నా లభించే వరం తెలుగులో ఒకే మాటలో కలిసిపోయాయి.

ఇది మతవిషయం మాత్రమే కాదు. బైబిలు అనువాదం తెలుగు వచనానికి తొలి పెద్ద పరీక్షల్లో ఒకటి. దానిని సవరించేవారు పాత మాటలను అలవాటుకొద్దీ నిలపరాదు, అపరిచితమన్న కారణంగా తొలగించనూ రాదు. 'సమాధానము' వంటి మాటను తీసివేసే ముందు అది ఆ వాక్యంలో చేస్తున్న పనిని గుర్తించాలి. 'కృప' వంటి మాటను నిలిపే ముందు అది కప్పివేస్తున్న అర్థాన్ని గుర్తించాలి. ఖిదిర్‌పూర్ ఇంటి బిడ్డ ఉదయం హీబ్రూతోపాటు మధ్యాహ్నం తెలుగునూ చదివాడు. సవరణకర్తలకూ ఆ రెండు పూటల చదువూ అవసరమే.