తొందర లేని చేయి

పక్షవాతము సోకిన యింట మొదటి దినముల భయమొక విధముగాను, తరువాతి మాసముల బాధ వేరొక విధముగాను ఉండును. మొదట చేయి ఎత్తిన చోట నిలువక వాలిపోవును. కొన్ని వారములు గడచిన పిమ్మట ఆ చేయియే మోచేతి కడ ముడుచుకొని ఱొమ్మునకు హత్తుకొనును, వ్రేళ్ళు అరచేతిలోనికి మడతపడి పిడికిలి కట్టును, కాలు మోకాటి కడ వంగక కఱ్ఱబారి, మడమ నేలనంటకుండును. చూడవచ్చిన చుట్టములు ఆ బిగువును గాంచి, పోయిన బలము తిరిగి వచ్చుచున్నదని సంతసింతురు. అది బలము కాదు; మెదడు అదుపు సడలుటచేత వెన్నుపాము తనంత తాను కండరములను బిగించుచున్నదనుటకు గుర్తు.

మా అక్కయ్యకు ఎడమప్రక్క పడిపోయిన నాటినుండి సాయంకాలమున ఆమె పిడికిలి విప్పుట నా వంతు పని. ఇది బలప్రయోగముతో సాగెడి పని కాదని మొదటనే నేర్పిన వ్యాయామచికిత్సకునకు నేనెంతయు ఋణపడియున్నాను. కండరములో దాని సాగుదలను కనిపెట్టు సూక్ష్మతంతువులు గలవు; కండరము సాగినంతనే అవి వెన్నుపామునకు వార్త నంపగా, వెన్నుపాము ఆ కండరమునే ముడుచుకొమ్మని ప్రత్యాజ్ఞ యిచ్చును. ఆరోగ్యవంతులలో మెదడు ఈ ప్రతిక్రియను మితములో నుంచును. ఇట్టి ప్రతిక్రియలను జీవితకాలము పరిశోధించిన ఆంగ్ల శాస్త్రజ్ఞుడు షెరింగ్టన్‌కు 1932లో నోబెల్ బహుమానము లభించినది. రోగిని తాకు చేతికి ఇందులోనుండి కావలసిన విషయమొక్కటే: ఎంత వేగముగా లాగిన కండరము అంత గట్టిగా ఎదురుతిరుగును, ఎంత నెమ్మదిగా సాగదీసిన అంతగా లొంగును.

కావున మూసిన వ్రేళ్ళను కొనలు పట్టి పెకలింపరాదు. ముందు మణికట్టును అరచేతి వైపునకు కొంచెము వంచవలెను. అంతట వ్రేళ్ళను ముడుచు నరములవంటి త్రాళ్ళు వదులగును. పిదప బొటనవ్రేలిని దాని మొదలు కడ పట్టి వెలికి దీసి, తక్కిన వ్రేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి, అవి విచ్చుకొన్న తరువాతనే మణికట్టును వెనుకకు తెచ్చి, అర నిమిషమో నిమిషమో అట్లే నిలుపవలెను. నడుమ చేయి అదరినచో అచ్చటనే ఆగి, అదురు తగ్గినదాక వేచియుండవలెను. తెరచిన అరచేతిని కడిగి, తడి పూర్తిగా తుడిచి, గోళ్ళు కత్తిరింపవలెను. లేనిచో మూసిన పిడికిలిలోని చెమటకు చర్మము పాసిపోవును, గోరు గుచ్చుకొన్న చోట పుండు పడును. మరియొకటి: రోగిని లేవనెత్తుటకు పడిపోయిన చేతిని పట్టి లాగుట గాని, చంకలో చేయివేసి ఎత్తుట గాని ఎన్నడును కూడదు. భుజపు కీలు జారి అందుండి పుట్టెడి నొప్పి, కండరపు బిగువుకంటె రోగిని ఎక్కువ ఏడ్పించును.

మన యిండ్లలో వాతమనగానే నువ్వులనూనె వెచ్చజేయుదురు, వావిలాకు మరగించిన నీళ్ళు పోయుదురు, ఇసుక మూటతోనో ఉప్పు మూటతోనో కాపడము పెట్టుదురు. వీనిని నేను తేలికగా చూడజాలను. వెచ్చదనముచేత కండరము కొంతసేపు సడలుట ప్రత్యక్షము; ఆ సడలిన వేళనే సాగదీతకు కూర్చున్నచో పని సుఖముగా నడచును. కాని చరకుడు స్వేదాధ్యాయమున పదమూడు విధముల కాపడములను చెప్పి ఊరకుండలేదు. ఎవరికి చెమట పట్టింపరాదో కూడ చెప్పినాడు, ఆ పట్టికలో మధుమేహి యున్నాడు. పక్షవాత రోగులలో మధుమేహులెందరో! స్పర్శ చచ్చిన చర్మమునకు వేడి తెలియదు. ఉప్పు మూట తీసిన పిమ్మట గాని బొబ్బ కనబడదు. అందుచేత మూటను ముందు నా మోచేతికి తాకించి చూతును, పిదప అక్కయ్య మంచి చేతితో ముట్టించి, ఆమె సరేయన్న తరువాతనే ఎడమప్రక్కకు పెట్టుదును.

ఇంటి వైద్యము చాలనిచోట మాత్ర రావలెను. బాక్లోఫెన్ అను మందును 1962లో స్విట్జర్లాండులోని సీబా సంస్థలో మూర్ఛరోగము కొఱకు తయారుచేసిరి. ఆ రోగమునకు అక్కఱకు రాలేదు గాని, వెన్నుపామును శాంతింపజేయుటలో దాని గుణము తరువాత బయటపడినది. సాధారణముగా 5 మిల్లీగ్రాములు దినమునకు మూడుమారులతో మొదలిడి, కొన్ని దినములకొకమారు కొంచెము కొంచెముగా హెచ్చింతురు. మూత్రపిండములు చెడినవారికి ఇది శరీరములో నిలిచిపోయి మతి తప్పించును. పెండ్లికి పోవుచు మందు మరచి, రెండు మూడు దినములు మానివేసినను ఫరవాలేదనుకొనుట మహాప్రమాదము. హఠాత్తుగా ఆపినచో లేనివి కనబడుట, జ్వరము, మూర్ఛలు, పూర్వముకంటె దారుణమైన బిగువు కలుగవచ్చును.

ఒకనాడు అక్కయ్య కాలు తెల్లవారునప్పటికి ఇంతకు మున్నెన్నడు లేనంతగా బిగుసుకొని, రాత్రంతయు ఈడ్పులతో నిదురలేకపోయినది. మాత్ర హెచ్చింపుమని యింటిల్లిపాది అనిరి. వైద్యుడు మాత్ర ముట్టక మూత్రము పరీక్ష చేయించెను. అందులో చీము కనబడెను. స్పర్శ మందగించినచోట మంట నోటికి రాదు, బిగువుగా వెలువడును. మలబద్ధకము, మంచపు పుండు, కాలిగోరు మాంసములోనికి పెరుగుట, బిగుతైన మేజోడు, ఏదైనను ఇట్టి బాధకు కారణము కావచ్చును. ఈ వెదకులాట జరుగకుండ మోతాదు పెంచుట, నా దృష్టిలో, రోగి చెప్పలేక చెప్పుచున్న మాటను నొక్కివేయుటయే. ఇక్కడనే ఇంకొక చిక్కు. ఇదే బిగువునకు టిజానిడిన్ వాడువారు పెక్కుమంది. మూత్రదోషమునకు తరచుగా ఇచ్చెడి సిప్రోఫ్లాక్ససిన్‌ను దానితో కలుపరాదు. కలిపినచో టిజానిడిన్ రక్తములో మిక్కుటమై, రక్తపోటు కూలిపోవును. మందుల కొట్టులో నిలుచున్నప్పుడైనను పాత చీటీ చూపవలెను.

అక్కయ్యకు ఆ మూత్రదోషము తగ్గిన తరువాత బిగువు మునుపటి మట్టమునకు వచ్చినది. దానినికూడ తీసివేయుటకై మోతాదు పెంచి చూతమా యని వైద్యుడడుగగా అక్కయ్యయే వలదన్నది. "కాలు మెత్తబడిన నాడు నేను నిలువలేనురా తమ్ముడూ, ఈ బిగువు మీదనే స్నానాల గదిదాకా నడుస్తున్నాను" అన్నది. వైద్యుడు ఆమె మాటను మన్నించి, పగటి మాత్రలను కొంత తగ్గించి, ఈడ్పులు బాధించెడి రాత్రివేళకు ఎక్కువ భాగమును మార్చినాడు. చేతి సంగతి వేరు; ఆ బిగువువలన ఆమెకు ప్రయోజనమేమియు లేదు. బొటనవ్రేలి కండరమునకు బొటులినం సూదిమందు వేసినచో, దాని గుణము మూడు మాసములపాటు ఉండుననియు, ఆ యవధిలో సాగదీత మానకున్ననే ఫలముండుననియు చెప్పినాడు. ఖర్చెంతయగునో వచ్చే వారము కనుగొనవలసియున్నది.