పదసంగ్రహము: గ్రంథమార్గము, జనమార్గము

నిఘంటునిర్మాణమును గూర్చియు భాషాచరిత్రమును గూర్చియు మన పత్రికలలో వచ్చు వ్యాసములయందుఁ బదముల యర్థనిర్ణయమునకై జరుగు వాదములు మెండు. ఆ పదములు వ్యాసకర్తచేతి కెట్లు వచ్చెనను విచారము మాత్రము మిక్కిలి యరుదు. ఒకరు కావ్యములఁ జదివి ప్రయోగముల వ్రాసికొందురు. ఒకరు ప్రశ్నల పట్టిక నచ్చొత్తించి యూరూరికిఁ బంపి యుత్తరములు రాఁబట్టుదురు. ఒకరు పల్లెకుఁ బోయి కాఁపుల నడుగుదురు. ఇటీవలివారు కంప్యూటరున కెక్కించిన గ్రంథములలో నొక్క క్షణమున వెదకుదురు. ఇవి యన్నియు సామగ్రిని సమకూర్చు మార్గములే. కాని యే మార్గమున వచ్చిన సామగ్రి యే ప్రశ్నకు సాక్ష్యము కాఁగలదో యోజింపక, చేతి కందినదానినే సర్వప్రమాణముగాఁ గొని, “ఈ పదము తెలుఁగున లే”దని తీర్పు చెప్పుట పరిపాటి యగుచున్నది. ఆ తీర్పును గూర్చియే నా విచారము.

“లేదు” అని చెప్పుట యెంత భారమో వైయాకరణులకుఁ గ్రొత్తగాఁ జెప్ప నక్కఱలేదు. మహాభాష్యమునఁ బస్పశాహ్నికమందు ఊష, తేర, చక్ర, పేచ యను రూపములు లోకమున వాడుక లేనివి గదా, వానికి శాస్త్ర మేల యను పూర్వపక్షము పుట్టినది. శబ్దముల ప్రయోగవిషయము మిక్కిలి విశాల మనియు, దేశములను వేదశాఖలను నితిహాసపురాణములను వైద్యకమును వెదకి చూడక యప్రయుక్త మనుట సాహస మనియుఁ బతంజలి సమాధానము. అంతటితో నాతఁడు విడువక దేశభేదమును జూపినాఁడు. “శవతి” యను క్రియ పోవుట యను నర్థమునఁ గాంబోజులలోనే కలదు. ఆర్యులు దాని వికారమగు శవశబ్దమునే వాడుదురు. ఆ యర్థముననే సురాష్ట్రమున “హమ్మతి”, ప్రాచ్యమధ్యములందు “రంహతి”, ఆర్యులకు గమిధాతువు. కోయుటకుఁ బ్రాచ్యులు “దాతి” యందురు. ఉదీచ్యులలోఁ గొడవలికిఁ బేరైన “దాత్ర”శబ్దమే మిగిలినది. వీనిలోఁ గొన్ని యుదాహరణములు యాస్కుని నిరుక్తమునను గలవు. పుస్తకములను మాత్రమే తిరుగవేసినవారి కివి దొరకునా? దేశదేశములవారి మాటను వినిపెట్టిన చెవు లుండెను గనుకనే యివి శాస్త్రమున కెక్కినవి. కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోవును గాని, పదము కావలసినవాఁడు వైయాకరణునింటికిఁ బోఁడని చెప్పినవాఁడు నాతఁడే. ఆ మాటను మనము పాఠము చెప్పుదుము. పని కూడినపుడు మఱతుము.

గ్రంథమార్గమునకు మన భాషలో నుత్తమోదాహరణము సూర్యరాయాంధ్రనిఘంటువు. 1911 లో నేర్పడిన యాంధ్రసాహిత్యపరిషత్తు, పిఠాపురాధీశుని పోషణమున, జయంతి రామయ్యపంతులుగారి యాజమాన్యమున నడపిన యీ కార్యమున మొదటి సంపుటము 1936 లో వెలువడినది. పదమునకుఁ గవిప్రయోగమును జూపుట దానికిఁ బ్రాణము. ఒక పదమును బూర్వకవి యే యర్థమున వాడెను, తరువాతివారిలో నా యర్థ మెట్లు జరిగెను అను ప్రశ్నలకు నంతకంటె నమ్మఁదగిన సాక్ష్యము లేదు. దానిని దూషించువారితో నేను గలియఁజాలను. అయినను గవి పొలమునకుఁ బోవుట దుక్కి దున్నుటకుఁ గాదు. కావ్యమున నాఁగలి వచ్చిన బలరాముని యాయుధముగా వచ్చును. దాని మేడియుఁ గఱ్ఱును నేడికోలయు నెప్పుడో గాని రావు. వచ్చినను ఛందస్సున కొదిగిన పర్యాయమే వచ్చును. కావున నట్టి పదము నిఘంటువున లేకుండుట కవుల యవసరమును దెలుపును గాని, జనుల వాడుకను దెలుపదు.

యంత్రమున వెదకుట గ్రంథమార్గముకంటె వేఱని కొందఱు తలంతురు. అది వేగము హెచ్చిన గ్రంథమార్గమే; కొన్ని యెడల దానికంటెఁ దక్కువది. మన వర్ణవిధులను యంత్రమునకు నేర్పనిచో నది చూచునది యక్షరముల వరుసనే. “పలికె” నని వెదకినవానికి, ద్రుతముమీఁద సరళాదేశము వచ్చిన “బలికె” దొరకదు. ప్రథమమీఁద గసడదవాదేశము వచ్చిన “వలికె” దొరకదు. అచ్చు మొదటఁ గల “ఆడె” నను క్రియ యొకచో “నాడె” ననియు, నొకచో “యాడె” ననియు నుండును. నాఁగలి, నాగలి, నాఁగేలు, ఔపవిభక్తికమున నాఁగటి, ఇన్ని రూపములను విడివిడిగా నడుగనిదే యొక్క పదమును గూడ సాకల్యముగా వెదకినట్లు కాదు. అరసున్నను శకటరేఫమును విడిచి యెక్కించిన ప్రతులలో నీ చిక్కు మఱింత హెచ్చు. యంత్రము “సున్న” యని చెప్పినప్పుడు భాషలో నా పదము లేదో, మన సంధిశాస్త్రమును యంత్రము చదువలేదో యెట్లు తేల్చుట? ఇది తెలియని యువకులు పట్టికలు గట్టి, యే కవి యే క్రియ నెన్నిమాఱులు వాడెనో లెక్కలు ప్రకటించుచున్నారు. ఆ లెక్కలు పద్యములవి కావు, పద్యములలో సంధి జరుగని చోటులవి.

ప్రశ్నపత్రమును బంపి సామగ్రిని రాఁబట్టు మార్గమునకు గ్రియర్సను నడపిన భారతీయభాషాపరిశీలనము ప్రసిద్ధము. జిల్లాలయధికారుల మూలముగా భాషభాషకును మాదిరులు తెప్పించిరి. బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథ యనువాద మొకటి. ఆ భాషవారి సొంతకథనమో పాటయో యొకటి. నియతమైన పదవాక్యముల పట్టిక యొకటి. అన్నిచోట్ల నొక్క కథనే యుంచుటవలన భాషలను బక్కపక్కన నిలిపి చూచు సౌకర్యము కలిగినది. కాని యనువాదము మూలవాక్యపు టొఱపిడిని దప్పించుకొనఁజాలదు. గ్రియర్స నిది యెఱుఁగును గనుకనే రెండవ మాదిరి నడిగినాఁడు. 1906 లో వచ్చిన నాలుగవ సంపుటమునఁ దెలుఁగు కలదు. అయితే తెలుఁగువా రెక్కువగా నుండు మదరాసు, హైదరాబాదు సీమలు రెండును నా పరిశీలనపు టెల్లకు వెలుపలివి! ఆ సంపుటమును బట్టి తెలుఁగు మాండలికములను నిర్ణయింపఁబోవువా రీ యొక్క సంగతిని ముందుగాఁ జూడవలయును.

ఇఁక జనమార్గము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962 లోఁ బ్రకటించిన మాండలికవృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయపదములది. చేనేతపదముల సంపుటము 1971 లో వచ్చినది. పల్లెలకుఁ బోయి, పని చేయువారి నడిగి, యే మాట యే సీమలోనిదో గుర్తించి కూర్చిన గ్రంథమిది. కోస్తాలో నాగలి యనునది రాయలసీమలో మడక యగుట కావ్యమువలనఁ దేలు విషయము కాదు. మన పండితులలోఁ బెక్కురు దీనిని గ్రామ్యపదముల మూట యని ప్రక్కకు నెట్టిరి. నా మతమున నిది పతంజలి చూపిన త్రోవ.

అట్లని యీ మార్గము నిర్దుష్ట మనను. అడుగువాఁడు పట్టిక వ్రాసికొని పోయినచోఁ దా నెఱిఁగిన వస్తువునే యడుగును. ఎఱుఁగని వస్తువునకుఁ బట్టికలో గడి యుండదు. “దీనిని మేడి యందురా?” అని యడిగినచో నెదుటివాఁడు మర్యాదకైనను “ఔనండి” యనును. “దీని నేమందురు?” అని వస్తువును జూపి యడుగుట వేఱు; ఏమియు నడుగక దుక్కి సాగుచుండఁగా గట్టున గూర్చుండి వినుట మఱియు వేఱు. కృష్ణాతీరమున నొక్క రైతే పనిముట్టును నాగలి యనియు, నెద్దులతోఁ గూడినదానిని అరక యనియు నను నెడ, పట్టికవాఁ డా రెంటిని బర్యాయములుగా వ్రాసికొని వచ్చును. చదువుకొన్నవాఁ డెదుట నిలిచినప్పుడు పల్లెవాఁడు తన మాటను దిద్దుకొని పుస్తకపు మాటఁ జెప్పుటయుఁ గలదు. ఇంటి యజమానునే యడిగి వచ్చువారికి నాట్లు వేయు స్త్రీల మాటలు చిక్కవు. ఇందుకు మందు కాలము. గిడుగు రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో నుండి, సవరల నోటనుండియే వారి భాషను నేర్చి, యేండ్లతరబడి శ్రమించిన మీఁదట 1931 లో సవరభాషా వ్యాకరణగ్రంథమును వెలువరించిరి. వాడుకభాషావాదమున నాయనతో నా కేకీభావము లేదు. పదసంగ్రహమున నాయన యోర్పునకు మాత్రము నమస్కరింతును.

ధనమును మనుష్యులును గొఱవడిన మన పరిషత్తులు వీనిలో దేని నెన్నుకొనవలయును? ప్రశ్ననుబట్టి మార్గము గాని, మార్గమునుబట్టి ప్రశ్న గాదు. ఒక కవి పాఠము నిర్ణయింప వలసినప్పుడు పల్లెకుఁ బోవుట వృథా. బ్రౌనుదొర వేమనపద్యములకుఁ జేసినట్లు ప్రతులు కూర్చి సరిపోల్పవలయును. కాని నాఁగలి నిఘంటువునకుఁ బ్రతులు లేవు, మనుష్యులే ప్రతులు. ట్రాక్టరు వచ్చిన యూళ్లలో జడ్డిగము పట్టి గొఱ్ఱుతో విత్తిన చేతులు ముదిసినవి. తాళపత్రము నొక సంవత్సరము తరువాతఁ జూడవచ్చును. కావున నీయేఁటి ద్రవ్యమును మనుష్యులపై వెచ్చింపుఁడని నా విన్నపము. వెళ్లువారు ప్రతిచీటిమీఁదను బదముతోఁబాటు, అది చూపి యడిగినదో, పేరెత్తి యడిగినదో, యడుగక వినినదో వ్రాయవలయును. దొరకని పదమునకును జీటి వ్రాసి, యెచ్చటెచ్చట వెదకిరో యందుఁ జేర్పవలయును.