లేచి నిలబడి చప్పట్లు దేనికి?

గత విద్యాసంవత్సరం మా డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం ఐచ్ఛికంగా తీసుకున్న విద్యార్థుల చేత ఆర్.జె. పలాసియో రాసిన 'వండర్' నవల చదివించాను. 2012లో అమెరికాలో అచ్చయి, 2017లో సినిమాగా కూడా వచ్చిన నవల యిది. చదివాక రెండు పుటలకు మించకుండా అభిప్రాయం రాయమన్నాను. ప్రశ్న నేనే యిచ్చాను: 'ఆగస్టు జీవితం నీకు ఏమి నేర్పింది?' తప్పు ఆ ప్రశ్నలోనే వుందని అప్పటికి నాకు తోచలేదు. కనుక ఈ వ్యాసంలో సగం నవల మీద విమర్శ, సగం నా మీద నేను చేసుకుంటున్న విమర్శ.

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఆగస్టు పుల్మన్ పదేళ్ళ కుర్రాడు. న్యూయార్క్‌లో స్థితిపరులైన మధ్యతరగతి దంపతుల బిడ్డ. జన్యులోపం వల్ల ముఖం వికృతంగా రూపొందింది. పుట్టిన దగ్గర్నుంచి 27 శస్త్రచికిత్సలు జరిగాయి. అప్పటి దాకా ఇంట్లోనే తల్లి దగ్గర చదువుకున్నవాడు, ఐదో తరగతికి ఒక ప్రైవేటు బడిలో చేరతాడు. పిల్లలు వెలివేస్తారు. ఒకరిద్దరు స్నేహితులవుతారు. ఏడాది చివర విహారానికి వెళ్ళినచోట వేరే బడి పిల్లలు మీద పడితే తోటివాళ్ళు అడ్డం నిలుస్తారు. ముగింపులో ఆగస్టుకి పతకం వస్తుంది, సభంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది.

నలభై మంది దాకా రాశారు. ఎక్కువ మంది రాసింది ఒక్కటే: 'నాకు అవయవాలన్నీ సక్రమంగా వున్నాయి, నేను అదృష్టవంతుణ్ణి, యిక మీదట దయగా వుంటాను.' ఒకమ్మాయి మూడు చోట్ల ఏడ్చానని ఆ పుటల సంఖ్యలతో సహా రాసింది. నేను ఈ కాగితాలన్నిటినీ పక్కకు నెట్టి, 'బూర్జువా మానవతావాదం' అని ఒక ముద్ర గుద్ది, మరునాడు తరగతిలో ఉపన్యాసం దంచుదామనుకున్నాను. ఆ పని ఎంత తేలికో మన పత్రికలు చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు.

కట్టలో అడుగున వున్న కాగితం నన్ను ఆపింది. రెండు చంకకర్రల మీద నడిచే విద్యార్థిది. రెండు పుటలకు బదులు అయిదు వాక్యాలు రాశాడు. ఆ కుర్రాడు ఐదో తరగతి ప్యాసయ్యాడు, అంతేగదా, దానికి లేచి నిలబడి చప్పట్లు దేనికి సార్ అని అడిగాడు. వాడు కోరుకున్నది మామూలుగా వుండనివ్వమని, వీళ్ళు యిచ్చింది పతకం అన్నాడు. 'ఇంతకీ లేచి నిలబడాలంటే నాకు రెండు నిమిషాలు పడుతుంది' అని ముగించాడు. మా తరగతి రెండో అంతస్తులో జరుగుతుంది. మూడేళ్ళుగా అతను గంట కొట్టకముందే బయలుదేరి, ఆ మెట్లెక్కి వచ్చి నా పాఠం వింటున్నాడు. అతన్ని చూసి 'పట్టుదల గలవాడు' అని మెచ్చుకున్నవాళ్ళలో నేనూ వున్నాను. గదిని కిందికి మార్చమని అడగాలన్న ఆలోచన మాత్రం ఒక్కరోజూ రాలేదు. ప్రభుత్వ భవనాలన్నీ వికలాంగులు వాడుకోగలిగేలా మార్చాలని 2016 చట్టం చెప్పింది. నిబంధనలు వచ్చిన 2017 నుంచి ఐదేళ్ళ గడువు పెట్టింది. ఆ గడువు దాటిపోయి కూడా చాలాకాలమైంది. మెచ్చుకోలు వున్నచోట హక్కు ప్రస్తావన రాదు. 'దివ్యాంగులు' అనే కొత్త మాట చేస్తున్న పని కూడా యిదే. మనిషిని దేవుణ్ణి చేస్తే మెట్ల పక్కన వాలుదారి కట్టక్కరలేదు.

ఈ కాగితం తరగతిలో చదివి వినిపించాను. (అతని అనుమతి అడిగాను. 'నా పేరు చెప్పకండి' అన్నాడు. చెప్పకపోయినా అందరికీ తెలుసు.) ఆ తర్వాతే అసలు చర్చ మొదలైంది.

నవలలో పిల్లలు ఒక ఆట ఆడతారు. ఆగస్టుని పొరపాటున ముట్టుకున్నవాడు ముప్పై సెకన్లలో చేతులు కడుక్కోవాలి, లేకపోతే వాడికి 'ప్లేగు' అంటుతుంది. నా నోట్సులో యిది 'బాలల క్రూరత్వం' అనే శీర్షిక కింద వుంది. వెనక బెంచీ కుర్రాడు, 'మా తాత ముట్టుకున్న చెంబు మీద నీళ్ళు చల్లి తీసుకెళ్ళేవాళ్ళు సార్. అది పిల్లలాట కాదు' అన్నాడు. పెద్దల దగ్గర నేర్వని ఆట పిల్లలు ఆడరు. నవల ఆ పెద్దల దగ్గరికి వెళ్ళకపోలేదు, జూలియన్ అనే కుర్రాడి తల్లి దాకా వెళ్ళింది. ఆమె తరగతి ఫోటోలోంచి ఆగస్టు బొమ్మని చెరిపేస్తుంది. ఐతే అక్కడే ఆగిపోయింది. ఆమెను ఒక చెడ్డ మనిషిగా చూపించింది గాని, ఆమె ఎవరి తరఫున మాట్లాడుతోందో అడగలేదు.

ఆమె బడికి ఉత్తరం రాస్తుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన బడి కాదుగదా యిది, యితన్ని ఎందుకు చేర్చుకున్నారని నిలదీస్తుంది. ప్రధానోపాధ్యాయుడు నవల అంతటా ధర్మమూర్తి. ఆయన యిచ్చిన జవాబు సారాంశం యిది: ఆగస్టు ఏ విధంగానూ వికలాంగుడు కాదు, మందబుద్ధి కాదు, తన ప్రతిభతోనే సీటు తెచ్చుకున్నాడు. మొదటిసారి చదివినప్పుడు నేను ఈ పేరా పక్కన టిక్కు పెట్టుకున్నాను. ఒక విద్యార్థిని లేచి, 'అంటే ప్రవేశపరీక్షలో వాడికి మార్కులు తక్కువ వస్తే ఆ తల్లి మాట రైటన్నమాటే కదా?' అని అడిగింది. రిజర్వేషన్ మీద చేరిన పిల్ల ఆమె. 'ప్రతిభ' అన్న మాట ఎటునుంచి వస్తుందో మొదటి ఏడాదే వినివున్న పిల్ల. నవల గుండెకాయలాంటి ఆ ఉత్తరాన్ని ఆమె ఒక్క ప్రశ్నతో కోసి చూపింది. రచయిత్రి ఆగస్టుకి తలుపు తీయడానికి అతను వికలాంగుడు కాదని నిరూపించవలసివచ్చింది. ముఖంతోపాటు బుద్ధి కూడా ఎదగని పిల్లవాడైతే ఈ కథ లేదు, ఆ చప్పట్లూ లేవు.

ఇక్కడ నా పాండిత్యం ప్రదర్శించబోయి నేను తిన్న దెబ్బ కూడా చెప్పాలి. 'ఇది మన అష్టావక్రుడి కథే' అన్నాను. జనకుడి సభలో పండితులు అతని ఎనిమిది వంకరలు చూసి నవ్వారు, అతను వాదంలో గెలిచాకే ఆసనం దక్కింది, వంకర ఒళ్ళున్నవాడు అందరికంటె పైమెట్టు మీద వుంటే తప్ప సమానుడు కాలేడు అని వివరించాను. వివరణ బాగానే వుంది. కాని ప్రచారంలో వున్న కథని పూర్తిగా చెప్పాను. నవ్విన పండితుల్ని అష్టావక్రుడు, తోలు చూసి విలువకట్టే మీరు చర్మకారులు అని దెప్పిపొడుస్తాడు. చెంబు సంగతి చెప్పిన కుర్రాడే మళ్ళీ లేచాడు. 'తనని అవమానిస్తే మా పనిని తిట్టుగా వాడాడన్నమాట' అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఈ కథ చెపుతున్నాను. ఆ మాట నా చెవికి ఎన్నడూ గుచ్చుకోలేదు.

నవలకి దక్కవలసిన గౌరవం వుంది. కథని ఆగస్టు ఒక్కడే చెప్పడు. అక్క వయా చెపుతుంది, జాక్ చెపుతాడు, మరి కొందరు చెపుతారు. అందరికంటె నిజాయితీగల గొంతు వయాది. కొత్త బడిలో తాను వేసే నాటకానికి తమ్ముడు రాకపోతే బాగుండుననుకుంటుంది, అనుకున్నందుకు సిగ్గుపడుతుంది. జబ్బు బిడ్డ వున్న ఇంట్లో రెండో బిడ్డ ఏమవుతుందో మన నవలాకారులు యింత సూటిగా రాసింది నేను అట్టే చూడలేదు. ఇల్లు తెలిసినంతగా బడి, ఆసుపత్రి రచయిత్రికి తెలియలేదు. 27 శస్త్రచికిత్సల ఖర్చు ఈ కథలో ఒక సమస్యే కాదు.

ఆ సంగతి పట్టుకున్నది నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతం నుంచి వచ్చిన అమ్మాయి. ఆమె మేనత్తకి ఫ్లోరోసిస్. నడుము వంగిపోయింది, తలెత్తి మనిషి ముఖం చూడలేదు. ఆగస్టు ముఖానికి కారణం జన్యువులు, ఎవరినీ నిందించే పనిలేదు, కనుక ఆ నవలకి దయ సరిపోయింది అంటుంది ఈ అమ్మాయి. మా అత్త నడుముకి కారణం బోరునీళ్ళు, ఆ నీళ్ళు తాగించింది ఎవరో తెలుసు, మాకు దయ ఎందుకు సరిపోతుంది అని రాసింది. తెలుగు నేల మీద ఈ వ్యాధిని వైద్యులు 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించి ప్రకటించారు. ఆ తర్వాత తరాల పిల్లలు కూడా ఆ నీళ్ళే తాగారు. ఇటీవలి సంవత్సరాల్లో కృష్ణా నీళ్ళు గొట్టాల్లో వచ్చాయి. కాని ఒకసారి వంగిన ఎముక నీళ్ళు మారితే నిటారు కాదు.

ఈ ఏడాది అదే నవల మళ్ళీ చదివించాను. ప్రశ్న మార్చాను: 'ఆగస్టు ఐదో తరగతి మామూలుగా చదువుకోవడానికి ఎవరెవరు ఏమేమి చేసివుండవలసింది?' జవాబులు తడబడుతూ, పొంతన లేకుండా వచ్చాయి. ఏడ్చానని మాత్రం ఎవరూ రాయలేదు. గది కిందికి మార్చమని విద్యార్థులు యిచ్చిన అర్జీ మీద నేనూ సంతకం పెట్టాను. అది యింకా కార్యాలయంలోనే వుంది.

మర్రిగూడ అమ్మాయి మేనత్త మీద కథ రాసి తెచ్చింది. అందులో అత్త ఎవరికీ ఏమీ నేర్పదు. పింఛను రెండు నెలలుగా రాలేదని పోట్లాడుతుంది, కోడలి మీద చాడీలు చెపుతుంది, గోంగూర పచ్చడిలో ఉప్పు తక్కువైందని సణుగుతుంది. కథ బాగుంది. చివర అత్త చేత ప్రభుత్వం మీద ఒక పుటన్నర ఉపన్యాసం యిప్పించింది, అది అత్త గొంతు కాదు, నా గొంతులా వుంది, తీసెయ్యమన్నాను. తిరగరాస్తోంది.