సూర్యాపేట ఎండలో ఓవర్‌క్లాకింగ్

ల్యాప్‌టాప్ రిపేరు బల్ల ముందు కూర్చునేవాడికి ఎండాకాలంలో రెండు రకాల గిరాకీ వస్తుంది. ఒకటి, నడుస్తూ నడుస్తూ ఆగిపోయిన ల్యాప్‌టాప్. రెండోది, బాగానే నడుస్తున్నదాన్ని ఇంకా ఉరికించమని తెచ్చేది. కోదాడ ఇంజినీరింగ్ పిల్లలు ఎక్కువగా ఈ రెండో రకం. హాస్టల్లో యూట్యూబ్ చూసి, హైవే మీద బస్సెక్కి సూర్యాపేటలో దిగి, బ్యాగు జిప్పు తీయకముందే అడుగుతారు: "అన్నా, ఓసీ చేస్తరా? ఎంత స్పీడ్ పెరుగుతది?"

ఓసీ అంటే ఓవర్‌క్లాకింగ్, చిప్‌ను కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ ఉరికించడం. నేను ముందు ప్రాసెసర్ నంబరు చూస్తాను. ఇంటెల్‌లో పేరు చివర హెచ్‌కే ఉన్నవాటికి, 2022 నుంచి వస్తున్న హెచ్‌ఎక్స్ రకాల్లో చాలావాటికి వేగాన్ని తేల్చే మల్టిప్లయర్ తాళం తీసి ఉంటుంది. ఏఎండీలో 2021లో వచ్చిన రైజెన్ 9 5900హెచ్‌ఎక్స్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. మన పిల్లల చేతుల్లో ఎక్కువగా కనిపించే యూ, హెచ్ రకాలకు కంపెనీయే తాళం వేసి పంపుతుంది. కాబట్టి సగం బేరాలు నంబరు చూసిన దగ్గరే తెగిపోతాయి.

తాళం లేకపోయినా ఏం మిగిలి ఉందని? చాలామందికి తట్టని సంగతి ఏంటంటే, ఓవర్‌క్లాకింగ్‌లో పిండగలిగినదంతా కంపెనీ ముందే పిండేసి టర్బో అని పేరు పెట్టి అమ్ముతోంది. 2017లో వచ్చిన ఐ5-8250యూ సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ దొరుకుతుంది. దాని బేస్ వేగం 1.6 గిగాహెర్ట్జ్, టర్బో 3.4. అంటే రెట్టింపు కన్నా ఎక్కువ. కానీ అది 15 వాట్ల చిప్. ఆ పైవేగం కాసేపే, చాలా మోడళ్లలో 28 సెకన్ల లెక్క. ఆ తర్వాత పవర్ లిమిట్ దాన్ని మళ్లీ 15 వాట్లకు కుదిస్తుంది, వేగం 2 గిగాహెర్ట్జ్ పైచిలుకుకు దిగుతుంది. క్రోమ్ తెరవడానికి 28 సెకన్లు చాలు. సినిమా ఎడిటింగ్‌కి చాలవు.

లెక్క పెద్దదేం కాదు. చిప్ తినే పవర్ వేగంతోపాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. వేగం 10 శాతం పెంచి, అది హ్యాంగ్ అవకుండా నిలబడాలని వోల్టేజీ కూడా 10 శాతం ఎక్కిస్తే పవర్ 33 శాతం పెరుగుతుంది. 45 వాట్ల చిప్ 60 వాట్లు అడుగుతుంది. ఆ 60 వాట్లూ చివరికి వేడిగా మారేవే.

ఇక మే నెల. చిప్ సుమారు 100 డిగ్రీల దగ్గర తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గది 25 డిగ్రీలుంటే చిప్‌కీ గదికీ తేడా 75. వేడిని బయటికి తోసేది ఆ తేడాయే. ఎండ మండే రోజున రేకుల కప్పు కింది గదిలో 40 ఉండటం ఇక్కడ వింతేం కాదు. అప్పుడు తేడా 60కి పడిపోతుంది. అదే ఫ్యాను, అదే రాగి పైపు ఐదో వంతు వేడిని తక్కువగా మోస్తాయి. ఏసీ గదిలో 45 వాట్లు లాగగలిగిన హీట్‌సింక్ మన రేకుల గదిలో 36 దగ్గరే చేతులెత్తేస్తుంది. కుర్రాడు అడుగుతున్నది 60, దొరికేది 36. యూట్యూబ్‌లో వీడియో తీసినాయన ఏ ఊళ్లో, ఏ నెలలో తీశాడో ఎవరూ అడగరు.

రైతులకైతే ఇది వివరించనక్కర్లేదు. బోర్లో ఊట అంతే ఉన్నప్పుడు ఐదు హెచ్‌పీ తీసి ఏడున్నర దించితే నీళ్లు పెరగవు, మోటరు కాలుతుంది.

9 గిగాహెర్ట్జ్ దాటించారు కదా అని కొందరు ఫోన్ చూపిస్తారు. నిజమే, దాటించారు. డెస్క్‌టాప్ చిప్ మీద లిక్విడ్ హీలియం పోసి, రికార్డు నమోదయ్యేంతసేపు నిలబెట్టారు. ఆ విద్య మీద నాకు గౌరవం ఉంది. ఒళ్లో పెట్టుకుని వాడే వస్తువుకు మాత్రం దానితో చుట్టరికం లేదు.

కంపెనీలు కూడా ఈ వేడి గోడకు తలకొట్టుకున్నవే. 2018 జులైలో కొత్త మ్యాక్‌బుక్ ప్రోలో కోర్ ఐ9 పెట్టి అమ్మితే, బరువైన పని ఇచ్చేసరికి బేస్ వేగం కన్నా కిందికి జారిపోతోందని డేవ్ లీ అనే యూట్యూబర్ చూపించాడు. ఫర్మ్‌వేర్‌లో ఒక డిజిటల్ కీ లేకపోవడం వల్లే అలా అయిందని చెప్పి, ఆపిల్ అదే నెలలో అప్‌డేట్ ఇచ్చింది. ఆ తర్వాత నయమైంది. ఐ9 అన్న పేరు పెద్దదే, దాన్ని కూర్చోబెట్టిన డబ్బా మాత్రం పలచనిది.

ఇంతకీ నా బల్ల మీద నిజంగా వేగం పెరిగేది ఎక్కడంటే, మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి వచ్చే ల్యాప్‌టాప్‌లలో. ట్యాలీ, వే బిల్లులు, సీఎంఆర్ (కస్టమ్ మిల్లింగ్ రైస్) లెక్కలు, అంతకు మించి వాటికి పనుండదు. ఓవర్‌క్లాకింగ్ మాటే వాళ్లు ఎత్తరు. "స్లో అయింది సార్, కొత్తది కొనాల్నా?" అంటారు. కింది కవర్ తీస్తే ఫ్యానుకీ రాగి రెక్కలకీ మధ్య తవుడు పొడి, ఊక నలుసు కలిసి మందంగా అట్టకట్టి ఉంటుంది. తవుట్లో నూనె ఉంటుంది కదా, మామూలు దుమ్ములా ఊదితే పోదు. ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాలి. హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అచ్చేసి ఉంటుంది, బిగించేటప్పుడు ఆ వరసలోనే కొద్దికొద్దిగా బిగించాలి, లేకపోతే ఒత్తిడి ఒక పక్కకే పడుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోవాలి. చిప్ మీది పాత పేస్టు ఎండి పెళుసుగా రాలుతుంది. దాన్ని స్పిరిట్‌తో తుడిచి కొత్తది గింజంత పెడితే చాలు. ముద్దగా పూయడం మంచిదన్న నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చిందో గానీ, చాలా బల్లల మీద అదే చూస్తున్నాను.

ఇదంతా అయ్యాక చిప్ టర్బోలో నిలబడుతుంది. మిల్లు గుమాస్తా దాన్ని కొత్త స్పీడ్ అంటాడు. అది మొదట్నుంచీ ఆయన డబ్బు పెట్టి కొన్న స్పీడే. హార్డ్ డిస్క్ ఇంకా పాతదే ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయమంటాను, దాని ముందు ఏ ఓవర్‌క్లాకింగూ నిలవదు.

ఒకప్పుడు ఇంకో ఉపాయం ఉండేది. థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌లో చిప్ వోల్టేజీని 80, 100 మిల్లీవోల్టులు తగ్గించేవాళ్లం. చాలా చిప్‌లు అదే వేగంతో నడుస్తూ చల్లబడేవి. వేగం పెంచడం కన్నా వోల్టేజీ తగ్గించడంలోనే పనితనం ఎక్కువ అని నా అభిప్రాయం. 2019 డిసెంబర్‌లో బర్మింగ్‌హామ్, ల్యూవెన్, గ్రాట్స్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపెట్టారు. వోల్టేజీని కావాలని తగ్గించి, ప్రాసెసర్ చేత తప్పు లెక్కలు చేయించి, లోపల దాచిన రహస్యాలు లాగొచ్చని చూపించారు. ఆ తర్వాత బయాస్ అప్‌డేట్లతో చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ మీట మూసేశారు. భద్రత కోసం సరే. మాలాంటి వాళ్ల చేతిలోంచి మాత్రం మంచి పనిముట్టు ఒకటి పోయింది.

ఈ మధ్య గేమింగ్ ల్యాప్‌టాప్ తెచ్చిన కోదాడ పిల్లాడికి ఓసీ బదులు ఇంకోటి చేసి చూపించాను. విండోస్ పవర్ ఆప్షన్లలో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉంటే 99 చేశాను. అంతే, టర్బో ఆగిపోతుంది. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ చిప్‌కీ రాగి పైపులు ఉమ్మడివి. ప్రాసెసర్ వేడి తగ్గితే ఆ మేరకు గ్రాఫిక్స్‌కు చోటు దొరుకుతుంది. చాలా గేములకు కావలసింది అదే. వెనక వైపు కింద రెండు సీసా మూతలు పెట్టి లేపాను, కూలింగ్ ప్యాడ్ ఖర్చు మిగిలింది. వాడు అరగంట ఆడాడు. మధ్యమధ్యలో గేము పట్టి పట్టి లాగడం పోయింది.

"తగ్గిస్తే మంచిగైందేందన్నా?" అన్నాడు.

"వానాకాలం వచ్చినాక మళ్లా 100 పెట్టుకో" అన్నాను.